రెండు కళ్ళు ఉంచు

థామస్‌టౌన్‌లో మేం కొన్న ఇంటితో పాటు
దస్తావేజుల్లో లేనిది ఒకటి వచ్చింది.
గరాజ్ వెనక పాత నీళ్ళ గొట్టాలతో కట్టిన పందిరి,
దాని మీద పేరు తెలియని ద్రాక్ష.

మొదటి ఏడు దాన్ని ముట్టలేదు.
పచ్చగా ఉన్నదాన్ని కొయ్యడానికి చేతులు రాలేదు.
చిత్రమే మరి, నా ఉద్యోగం కత్తెరలతోనే.
ఆసుపత్రి నేలమాళిగలో
ఆపరేషన్ నుంచి దిగొచ్చిన పనిముట్లు కడిగి, లెక్కపెట్టి,
ఆవిరిలో ఉడికించి, నీలం గుడ్డలో చుట్టి పైకి పంపుతాను.
పదకొండేళ్ళలో ఒక్కటంటే ఒక్క కోత చూడలేదు.

తీగ నా జాలి తిని బలిసింది.
దండెం పట్టుకుంది, గట్టర్ ఎక్కింది,
ఆకు మీద ఆకు, నీడ మీద నీడ.
కాయ? గుప్పెడు. మిరియాలంత.
జనవరి ఎండల్లో వాటికీ బూడిద తెగులు,
పిండిలో పొర్లించినట్టు తెల్లబడి పగిలాయి.

జులైలో, నోట్లోంచి పొగలొచ్చే ఒక ఆదివారం
కంచె మీంచి ద్రాగిత్సా తొంగిచూసింది.
డెబ్బై తొమ్మిదేళ్ళు, నల్ల స్వెటరు, మోకాళ్ళ దాకా బూట్లు.
"ఇది తోట కాదు, దువ్వని తల" అంది.
అడక్కుండానే గేటు తీసుకుని వచ్చింది.

ఆమె ఇంగ్లీషూ నాదీ కలిపితే ఒకటిన్నర.
రెండు వేళ్ళు ఎత్తి
తన కళ్ళనే పొడుచుకుంటుందేమో అన్నట్టు చూపించింది:
ప్రతి కొమ్మకీ రెండు కళ్ళు ఉంచు. మిగతాది పొయ్యిలోకి.
మా చెరకు గడకీ కళ్ళే అంటామని చెప్పబోయాను.
చెరకుకి ఆమె భాషలో మాటుందో లేదో.

మధ్యాహ్నానికి పందిరి బోడి.
నా చుట్టూ మోకాలెత్తు పుల్లలు.
ఆమె వెళ్ళాక, అబద్ధమెందుకు, తిట్టుకున్నాను.
"ముసల్ది చంపేసింది" అన్నాను మా ఆయనతో.

సెప్టెంబరులో కోసిన చోటల్లా నీళ్ళు.
ఒక్కో మొన నుంచి చుక్క, ఆగి, చుక్క.
కింద పెట్టిన సైకిల్ సీటు తడిసింది.
కంగారుగా పిలుచుకొస్తే
ఒక చుక్క వేలితో అద్దుకుని కనురెప్పలకు రాసుకుంది.
"ఏడుపు కాదు. వేరు లేచింది."

తర్వాతంతా తొందరే.
కళ్ళు విచ్చాయి, గులాబి రంగు నూగుతో.
లేతాకు ఒకటి కొరికాను. పులుపు!
నాలుక ఒక్క గెంతున చింతచెట్టెక్కింది.
ఆ రాత్రే గుప్పెడు తుంపి కందిపప్పులో వేసి,
ఎండుమిరపా ఇంగువా పోపు పెట్టి
ఒక గిన్నె కంచె దాటించాను.
గిన్నె ఖాళీగా రాలేదు.
అవే ఆకుల్లో బియ్యమూ పుదీనా చుట్టి పంపింది,
చూడ్డానికి అచ్చం పొగాకు చుట్టలు,
వాసన చూశాక గానీ మా ఆయన నోట్లో పెట్టలేదు.

మార్చిలో గుత్తులు నల్లబడ్డాయి.
వల కప్పాం, చిలకలకని ఒక మూల వదిలి.
నొక్కితే తోలు జారి గుజ్జు గొంతులోకి,
ముక్కులో మాత్రం స్ట్రాబెర్రీ.
అప్పుడు చెప్పింది పేరు, ఇజబెల్లా అని,
ఇంట్లో కూతుర్ని పిలిచినట్టు.

ఈ జూన్‌లో ఆమె మెట్ల మీద జారింది.
మణికట్టులో పలక వేశారు, మా ఆసుపత్రిలోనే.
ఏ ట్రేలోని కత్తెర ఆమెను తాకిందో నాకెలా తెలుస్తుంది?
ఆ వారం ప్రతి మొననీ రెండోసారి వెలుతురుకి పెట్టి చూశాను.

నిన్న ఆమె పెరట్లో, ఆమె తీగ కింద నేను.
ఆమె ప్లాస్టిక్ కుర్చీలో, కట్టు ఒళ్ళో పెట్టుకుని.
స్పిరిట్‌తో తుడిచిన నా కత్తెర అందుకుని
ముక్కు దగ్గర పెట్టుకుని
"ఆసుపత్రి" అంది, ముఖం చిట్లించి.

కోస్తూ పోయాను.
ఒకటి, రెండు. ఒకటి, రెండు.
గోడవార బలమైన కొమ్మ దగ్గర చెయ్యి ఆగి
మూడు ఉంచాను.
చూసింది.
ఏమీ అనలేదు.